రెండు వేళ్ల గుడ్డ

పోర్తోలో, నదికి దిగే మెట్ల సందులో మా కొట్టు.
కొట్టంటే ఒక కిటికీ, ఒక మిషను,
మనిషి నిలువునా పట్టని ఒక అద్దం.
ముప్పై ఏళ్లుగా ఈ పేట నడుములన్నీ
నా టేపుకు తెలుసు.
టేపు ఎవరికీ చెప్పదు.

ఎవుఫేమియ ఏటా ఆగస్టులో రొట్టె మానేస్తుంది.
సెప్టెంబరంతా క్యాబేజీ ఉడికిన నీళ్లు.
అక్టోబరు పదకొండు పెళ్లిరోజు.
ఆ సాయంత్రానికి ఆకుపచ్చ శాటిన్ గౌను ఎక్కాలి,
ఇరవై నాలుగేళ్ల వయసులో ఎక్కినట్టే.
ఇప్పుడు యాభై ఎనిమిది.
ముగ్గుర్ని మోసిన పొట్ట,
చేపల మార్కెట్టు తడి గచ్చు మీద
తెల్లారుజాము నుంచీ నిలబడ్డ కాళ్లు.
గౌనుకివేవీ పట్టవు.

"అతనేమైనా అంటాడా?" అడిగానొకసారి.
"అన్నాడు."
ఎప్పుడంటే, చిన్నోడి జ్ఞానస్నానం విందులో,
తమ్ముళ్ల ముందు, గ్లాసు పట్టుకుని, నవ్వుతూ:
"నేను పెళ్లాడిన పిల్లని ఈవిడ మింగేసిందిరా!"
బల్లంతా నవ్వింది. ఆమే నవ్వింది.
నోటిదాకా వెళ్లిన కోడిముక్క
పళ్లెంలోకి తిరిగొచ్చింది.
ఇరవై ఆరేళ్లయింది. ఇంకా అక్కడే ఉంది.

నా సంగతంటారా,
మా జెఫెరీను కళ్లద్దాలు తీసి ఫోటో దిగమనేవాడు.
తీసేదాన్ని.
మా పెళ్లి ఫోటోల్లో నేను ఎవర్నీ చూడటం లేదు.

ఇక అదెరితు. ట్రాము నడిపి రిటైరైనవాడు.
మూడేళ్ల కిందట, వానలో,
దొంగసరుకులా కోటు లోపల దాచి తెచ్చాడు గౌను.
"రెండు వేళ్లు వదులు చెయ్యి. తనకి తెలీకూడదు.
నిన్న మెట్ల మీద కళ్లు తిరిగి కూలబడింది."
టోపీ పిండుతూ గొణిగాడు:
"ఎవరెక్కించారో దాని బుర్రలోకి ఈ పిచ్చి!"

నా నోట్లో గుండుసూదులున్నాయి.
లేకపోయినా ఏమనేదాన్నో తెలీదు.
చెయ్యి మరిచిపోయినంత సులువుగా
చెంప మరవదు. నోరూ చెవీ కూడా అంతే కాబోలు.

ఆ గౌను కుట్టింది మా అమ్మ.
కుట్టు లోపల ఎప్పుడూ గుడ్డ వదిలేది.
"పెళ్లి బట్టలకి ఇంకాస్త వదలాలే" అనేది,
పెళ్లికొడుకులకి వినబడకుండా.
విప్పితే, ఎండ చూడని ఆ పట్టీ
కొత్త బఠాణీలా మెరిసింది.
తర్వాతేడూ వచ్చాడు. ఆపై ఏడూ.
డబ్బులు ఎక్కువిచ్చేవాడు. చిల్లర అడిగేవాడు కాదు.

మొన్న మంగళవారం ఆమె వచ్చింది,
తలుపు తీస్తూనే కేక:
"వదులైంది! చూడు, గెలిచాను! బిగించు!"
మెడ కింద ఎముకలు దీపపు బుడ్డిలా లోతుగా,
నవ్వు మాత్రం ఇరవై నాలుగేళ్లది.

అద్దం ముందు నిలబెట్టి సూదులు నోట్లో పెట్టుకున్నాను.
ఇది నాకు అలవాటైన దాక్కునే చోటు.

కానీ శాటిన్ దాచదు.
కుట్టు విప్పిన చోట సూది చిల్లులు అలాగే ఉంటాయి,
చీమల బారులా.
ఆమె గోరు పక్కటెముకల మీదుగా వెళ్తూ
ఒక బారు దగ్గర ఆగింది.
దాని పక్కన ఇంకొకటి.
ఇంకొకటి.

చాలాసేపు వాన చప్పుడు.

"వాడేనా?"
తలూపాను.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.
మురిసిపోతుందనుకున్నాను. అదీ లేదు.
అద్దంలో పక్కకి తిరిగి తన పొట్టను
ఎవరిదో పసిబిడ్డను చూసినట్టు చూసింది.

"లోపల ఇంకా ఎంతుంది?"
"ఒక వేలు."
"అదీ విప్పు. ఎర్ర దారంతో కుట్టు.
బయటికి కనబడాలి."
"అతనికా?"
"బల్లంతటికీ."

ఎర్ర దారం కోసం సొరుగులన్నీ లాగుతున్నాను.
వెనకాల, మిషను పక్కన పెట్టుకున్న
నా మధ్యాహ్నపు రొట్టె కాగితం
మెల్లగా చప్పుడు చేసింది.