ఎడమకాలి లెక్క

ఇన్సూరెన్సు సర్వేయరు పిలకాయ
కాగితం నా ముందర పెట్టినాడు.
అందులో రెండే గళ్లు:
మాన్యువల్. ఆటోమేటిక్.
ఏదో ఒకదాంట్లో టిక్కు కొట్టన్నా, అన్నాడు.

చిత్తూరు కొంగారెడ్డిపల్లిలో
ముప్పైయొక్క ఏండ్లుగా గేరుబాక్సులు విప్పతా ఉండే వాణ్ని.
ఆ రెండు గళ్లు చూస్తే నవ్వొచ్చింది,
ఆ పైన కొంచెం కోపం కూడా.

నా దగ్గర వేరే లెక్క ఉండాది.
పళ్లను బట్టి కాదు, నూనెను బట్టి కాదు,
ఎడమకాలికి ఎంత పని అనేదాన్ని బట్టి.

పీరాసాబు నాకు చెయ్యి పట్టి నేర్పించింది పాత లారీ పెట్టె.
బంగారుపాళెం మండీకి మామిడికాయలు మోసి మోసి
మొండికేసిన ముసిలిది.
గేరు మార్చాలంటే క్లచ్చి రెండుసార్లు తొక్కాల,
ఒకసారి విడిపించేదానికి, ఇంకోసారి కలిపేదానికి.
నడుమ ఇంజను గొంతు నువ్వే సరిచెయ్యాల.
తప్పితే కరకరా కొరికేది.
"పళ్లు కొరికిందంటే నిన్ను తిట్టిందని రా" అనేవాడు పీరాసాబు.

తర్వాత ఇత్తడి ఉంగరాలు వచ్చినాయి.
రెండు చక్రాల వేగం ఒకటయ్యేదాకా
ఆ ఉంగరం మధ్యలో నిలబడి ఒరుసుకుంటాది,
తాను అరిగి పళ్లను కాపాడతాది.
కాలికి పని సగమైంది.
అయినా పాత డ్రైవర్లు చాన్నాళ్లు రెండుసార్లే తొక్కినారు,
నమ్మకం లేక.

ఇంక, ఎడమకాలు ఊరికే కూచునేవి.
ఒకదాంట్లో నూనె నడుమ ఎదురెదురుగా రెండు రెక్కల చక్రాలు.
ఇది తిప్పితే నూనె తిరగతాది, నూనె తిప్పితే అది.
గోడకు ఈ పక్కనుంచి ఆ పక్కకు మాట చెప్పినట్టు.
ఇంకోదాంట్లో ఎక్కేదానికి మెట్లే లేవు.
సన్నమూ లావూ అయ్యే రెండు కప్పీల మీద ఇనప బెల్టు జారతా ఉంటాది,
ఇంజను ముందు అరస్తాది,
బండి నిదానంగా వింటాది.
క్లచ్చిలు రెండుండేది మరొకటి:
బేసి గేర్లు ఒకదాని కింద, సరి గేర్లు ఇంకోదాని కింద.
మూడులో పోతా ఉండగానే
నాలుగు చెప్పులేసుకుని వాకిట్లో నిలబడుంటాది.
దాన్ని విప్పేదానికి నాకూ భయమే, చెన్నైకి పంపించేస్తా.
కరెంటు బండికి మార్చేదే లేదు.
అది మా షెడ్డు ముందరే పోతాది, ఆగదు.

మరి ఈ బండిని యాడ పెట్టాల?
ఇది ధనకోటి టీచరమ్మది.
చిన్నప్పుడే పోలియో వచ్చి ఆమె ఎడమకాలు సన్నబడిపోయింది.
విప్పి చూస్తే లోపల అచ్చం మన పెట్టే,
అదే ఇత్తడి ఉంగరం, అవే పళ్లు, అదే క్లచ్చి పళ్లెం.
పైన మాత్రం ఒక మోటారు.
ఆమె తొక్కలేనిది అది తొక్కతాది.
మొగిలి ఘాటులో చెరుకు ట్రాక్టరు వెనకాల నిలిచిపోయి
బ్రేకు బదులు ఎక్సలేటరుతో బండిని పట్టుకున్నింది పాపం.
పళ్లెం మాడి బొగ్గయింది.

కడుపు మాన్యువల్, కాలు ఆటోమేటిక్.
"కంప్యూటరు రెండూ ఒప్పుకోదన్నా."
రెండు గళ్ల నడుమ గీత మీద టిక్కు కొట్టినా.
నా గ్రీసు వేలిముద్ర రెండిట్లోనూ పడింది.
పిలకాయ తల గోక్కుంటా బైకెక్కినాడు.

పళ్లెం మార్చినాక టీచరమ్మ ఒకటే అడిగింది:
"ఎక్కుతాదా?"

మళ్లా ఆ ఘాటుకే పోయినాం.
ఆమె తోలతా ఉంటే నేను పక్క సీట్లో.
ఒకటి వదిలి రెండు పట్టుకునేటప్పుడు
ఈ రకం బండి చిన్న ఊపిరి తీసుకుంటాది,
మన తలకాయలు ముందుకు ఊగతాయి,
లోపలెవరో ఆలోచన చేసినట్టు.

ఆ సందులో
నా ఎడమకాలు దానంతట అదే లేచి
లేని క్లచ్చిని తొక్కింది.

టీచరమ్మ రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండానే నవ్వింది.
"ఊరికే కూచోన్నా,
నా కాలు తొక్కతా ఉండాది."