ముప్పావు గంట

ఖాట్మండు నుంచి ల్హాసాకి
గాలిలో ఆరువందల కిలోమీటర్లు,
గంటన్నర.
టికెట్ల అమ్మాయి కాగితం మీద రాసి
కింద గీత గీసింది,
కొట్లో పద్దు తేల్చినట్టు.

మా తాత న్హుచ్చేరత్న లెక్క వేరు.
ఇరవై ఆరు మజిలీలు.
కంచరగాడిదలు, వెళ్ళేటప్పుడు పదకొండు.
వచ్చేటప్పుడెన్నో చిట్టాలో లేదు.
కూతీ కనుమ దగ్గర మాత్రం ఒక ముక్క:
"ఇక్కడ ఊపిరి అప్పు తెచ్చుకోవాలి."

చిట్టాలో లేనిది మరొకటుంది.
బార్ఖోర్ వీధిలో ఇత్తడి కొట్టు మీద ఒక మేడగది,
ఆ గదిలో ఒకామె,
ఆమె ఒళ్ళో ఒక పిల్ల.
నాన్నమ్మకి తెలుసు.
తెలుసని ఒక్కసారే బయటపడిందట.
తాతకి వడ్డిస్తూ వడ్డిస్తూ
"పిల్లకి పళ్ళొచ్చాయా?" అంది.
అంతే. పప్పు గిన్నె అందుకుంది.

పొద్దున అమ్మ నా చేతిలో
ఉడికించిన గుడ్డు, ఎండుచేప, చిన్న మట్టి ప్రమిదలో సారా పెట్టింది.
గంటన్నరకి ఇంత సాగనంపుడా అని నవ్వాను.
"దూరం నీకు తగ్గింది, నాకు కాదు" అంది.

తాత రెండు వారాలు ఎక్కిన ఎత్తుని
నేను టీ కప్పు పట్టుకుని దాటేశాను.
అడుగున చక్కెర ఇంకా కరగలేదు.
దిగాక గడియారం
రెండుంబావు గంటలు ముందుకి తిప్పుకోమన్నారు.

ఛిమే యుడోన్.
డెబ్భై ఎనిమిదేళ్ళ మా మేనత్త.
నా మాట ఆమెకి రాదు, ఆమె మాట నాకు రాదు.
నా చెవి పట్టుకుని, తన చెవి పట్టుకుని చూపించింది.
కింద అదే చీలిక. మా నాన్నకీ ఉంది.
నేను తెచ్చిన లాఖామరి దారిలో ముక్కలైంది.
ముక్కలన్నీ ఏరి, పళ్ళెంలో మళ్ళీ గుండ్రంగా పేర్చింది.

మనవడి చేత ఒకటే అడిగించింది:
"మా నాన్న ఉండే ఊరు ఎంత దూరం?"
వాడు నన్ను అడగలేదు.
ఫోనులో చూసి చెప్పేశాడు.
అత్త చేతిలో జపమాల
ఒక పూస దగ్గర ఆగిపోయింది.
"గంటన్నరేనా?"
వాడు మళ్ళీ చూశాడు. అంతే ఉంది.

తిరుగు విమానం ల్హాసాలో పన్నెండింటికి లేచింది.
ఖాట్మండులో పదకొండుంబావుకి దిగింది.
బయలుదేరడానికి ముప్పావు గంట ముందే వచ్చేశాను.
సామాను పట్టీ పక్కన నిలబడి
గోడ గడియారం చూస్తూ ఉన్నాను.
అక్కడ పదకొండుంబావుకి
నేను వరసలో ఉన్నాను.
అద్దానికి అవతల అత్త,
అద్దం మీద ఆమె అరచెయ్యి,
దాని చుట్టూ ఆవిరి.

నా సంచి రెండుసార్లు నా ముందు నుంచే తిరిగి వెళ్ళింది.

అమ్మ ఫోను చేసింది.
"దిగావా?"
"ఇంకా బయలుదేరలేదు" అన్నాను.