ఇరవైమూడు కేజీలు

పెట్టె నేలమీద నోరు తెరుచుకోని పడుకోనుండాది.
దలాల్ మంచమ్మీద కూచోని చీటీ చదువుతాంటే
నేను సర్దుతాండా.
సన్నకోటు ఒకటి. గొడుగు ఒకటి.
"జూన్ నెల్లో గొడుగా?" అన్నా.
"ఆ ఊర్లో ఎండాకాలం గూడా వాన పడతాదంట, ఓబుల్."
కిటికీ బయట సాల్మియా అంతా దుమ్ము లేసి
బెల్లంపాకం రంగుకు తిరుక్కోనుండాది.

దలాల్ అంటే వీళ్ళ బాసలో గారాబమంట.
మా రాయచోటి పక్క దలాలంటే
నా వీసాకు డెబ్బైవేలు మింగి
మద్రాసు ఎయిర్‌పోర్టు గేటుకాడ మాయమైనోడు.
పేరు ఇన్న మొదట్రోజు కడుపులో దేవినట్లయింది.
అప్పుడు దానికి ఏడేండ్లు, ముందరి పండ్లు ఊడిపోయి.
ఇప్పుడు స్పెయిను దేశంలో బిల్బావో అనే ఊరికి,
ఆరు వారాలు, బాస నేర్చుకోను.

"పాస్‌పోర్టు తెచ్చియ్యి" అని
వాళ్ళమ్మ సొరుగు తాళంచెవి నా చేతిలో పెట్టింది.
దాని పాస్‌పోర్టు కిందనే నాది.
రెండూ నీలమే.
రెండేండ్లకు చూస్తినా దాని మొగం.
ఫోటోలో ముక్కుపుడక ఉండాది, ముక్కుకు లేదు.
పిల్లది తీసుకోని సొరుగు మూస్తి.

తూకం మిషను మీద పెట్టె పెడితే అంకె కనపడదు.
పెట్టెనెత్తుకోని నేనెక్కితి,
దించి ఒట్టి నేనెక్కితి.
తీసేస్తే పదకొండు.
"ఇరవైమూడు దాంకా పోవచ్చు గదా, నింపుదామా?"
"వద్దు, వచ్చేటప్పుడు నింపుకోనొస్తా" అనింది.
మా పెట్టెలు ఇట్ల సగం ఖాళీగా ఇల్లు దాటవు.
పాలపొడి, నొప్పుల బామ్, రెండు కంబళ్ళు,
చిన్నాయన మనవడికి కొలత తెలీని బూట్లు,
నైలాన్ తాడు, మూడు పక్కలా పేరు,
అప్పటికీ కౌంటరుకాడ కేజీన్నర ఎక్కువ.

పోయిన వారం కాలేజీకేదో రాయాలని వంటింట్లోకొచ్చి
"నువ్వు అరబ్బీ ఎట్ల నేర్చుకుంటివి?" అనడిగింది.
పన్నెండేండ్లలో ఎవురూ అడగని మాట.
చేతిలో ఎర్రగడ్డ నిలబడిపోయింది.
పుస్తకమా, పలకా? మీ జేజే నా పంతులమ్మ.
మొదటి మాట జీబీ. తే.
రెండోది షీలీ. ఎత్తు.
మూడోది సక్కరీ. తలుపు మూయ్.
ఏడాది దాంకా నాకొచ్చిన అరబ్బీలో
నేను అనే మాటే లేదు.
ఇదంతా చెప్పలా.
"ఆర్నెల్లు పట్టింది" అన్నా.
అదే రాసుకునింది.

దాని ఫోనులో ఒక బొమ్మ పాఠం చెప్తాది.
ఒకటో పాఠం: కియెరో. నాకు కావాల.
అది మొదటి పాఠమంట!
సరిగ్గా పలికేదాంకా బొమ్మ వదల్దు.
కోడిని కడుగుతా నేనూ అన్నా, కియెరో.
పచ్చగుర్తు పడింది.
చక్కెరకు అసూకర్ అంటే సుక్కరే గదా అన్నా,
దిండుకు అల్మొహాదా అంటే మఖద్దానే గదా అన్నా.
పిల్ల ఎగిరి నా తడిచేతులు పట్టుకోని
"నీకు సగం వచ్చేసినట్లే ఓబుల్!"
తక్కిన సగం ఏందో చెప్పేలోగా
వాళ్ళన్న బజారుకు పిలిచినాడు.

రాత్రి రెండు కార్లలో అందరూ ఎయిర్‌పోర్టుకు పోయినారు.
మంచమ్మీది గుడ్డలు మడతేస్తాంటే కనపడింది
తలుపెనకాల ఆనించిన గొడుగు.
ఈ ఇంట్లో గొడుగు తెరిచినోళ్ళను చూడలా.
తెరిచినా.
దానికిందికి పోయి నిలబడి
కియెరో
అన్నా.
దానెంబడి ఏ మాట పెట్టాల్నో,
ఆ పాఠాలన్నీ ఫోనుతో విమానమెక్కినాయి.

పక్కగదిలోంచి ముసలామె పిలుస్తాంది:
ఓబుల్, జీబీ...
ఏం తెమ్మంటాందో
దుమ్ముగాలి మోతలో ఇనపళ్ళా.