‘స’ల కరువు

ఆదోని పత్తి మార్కెట్టు వెనక సందులో
ఖాజామియా ప్రెస్సులో
‘శ్రీ’లు గంపెడుండేవి.
పెళ్లి పత్రికల మీద బతికిన ప్రెస్సు గదా,
అడిగినోళ్లకు అడిగినన్ని.
కరువంతా ‘స’లకే.

మద్దిలేటి సారు రాసుకొచ్చిన మొదటి పేజీని
బల్బు కింద పెట్టి, అద్దాలు ముక్కు మీదికి జార్చి
ముసలాయన గొణిగినాడు:
"సంఘం, సమ్మె, సమానం, సర్కారు, సమసమాజం...
ఏమప్పా, నీ బాధలన్నీ ఒకే అక్షరానికి పుట్టినాయా?
నా గళ్లో ఉండేవి నూటా పదకొండు.
అందులో ముక్కిరిగినవి తొమ్మిది."

అందుకే పత్రికకు ‘తూకం’ అని పేరు పడింది.
పెద్ద ఆలోచనేం కాదు.
అందులో ‘స’ లేదు.

నేనప్పుడు ఇంటర్ తప్పి
ఫారాలు మడతపెట్టే పనిలో ఉన్నా.
మొదటి సంచిక నాలుగు పేజీలు, నాలుగొందల కాపీలు, పావలా.
మార్కెట్టు కాటా కింద అయస్కాంతం కట్టిన సంగతి
దళారుల పేర్లతో సహా.
ఉగ్గాని బండి దగ్గర పొద్దున పంచితే
మధ్యాహ్నానికి మడతల కాడ చినిగిపోయింది.
చదువొచ్చినోళ్లు చదివినారు.
రానోళ్లు విని,
నేరుగా కాటా దగ్గరికి నడిచినారు.

తర్వాత ఇద్దరొచ్చినారు.
ఒకరు మిల్లు సేటు గుమాస్తా:
వెనక పేజీ నిండా ప్రకటన, ఏడాది డబ్బులు ముందే.
ఇంకొకరు మనోడే, ఎర్ర కండువా:
"ఐదొందల కాపీలు మేమే కొంటాం,
అచ్చుకు ముందు ఒకసారి మాకు చూపిస్తే చాలు."
సారు ఇద్దరికీ టీ తాపించినాడు.
ఇద్దరికీ ఒకే జవాబు చెప్పినాడు.
ఆ టీల బాకీ ఆరు నెలలుండె.

జిన్ను మిల్లుల్లో ఆడోళ్లు పని ఆపిన వారం
పేజీ పేజీకీ ‘స’లే కావాల్సి వచ్చె.
ఎనిమిదో వరుసకే చేతులెత్తేసినాడు ఖాజామియా.
‘పని మానినారు’ అని రాయరాదా, అన్నాడు.
"మానడం వేరే, సమ్మె వేరే" అన్నాడు సారు.
అయితే ఖాళీ వదుల్తా అన్నాడు ముసలాయన.
వదిలినాడు.
ఎనిమిదొందల కాపీలు,
పండ్లూడిన నోళ్ల మాదిరి.

ఆ రాత్రి ఉరుకుందమ్మ వచ్చింది,
వెంట్రుకల్లో దూది, వెనక పదకొండు మంది.
ఏ అక్షరమో చూపించమనింది.
సారు సుద్దముక్కతో నేల మీద రాసినాడు.
వంగి, వేలితో రెండు సార్లు దిద్ది,
"నెత్తిన మూటతో కూలబడిన మనిషి మాదిరుండాదే" అనింది.
"నాకు తెలిసిన మనిషే లే."

తెల్లారేదాకా పెన్సిళ్లతో, బొగ్గుతో
ఖాళీ ఖాళీకీ ఒక మనిషిని కూచోబెట్టినారు.
కొన్ని తల్లకిందులు. కొన్నిటికి తలకట్టు లేదు.
"ఇదేందే, మూట లేదే?" అని నేనడిగితే
"దించినాది లేప్పా" అనింది ఒకామె, తలెత్తకుండా.

సమ్మె సగమే గెలిచింది.
అర్ధరూపాయి అడిగితే పావలా పెంచిరి.
ఉరుకుందమ్మను మాత్రం మళ్లీ పనిలోకి రానీలేదు.
పత్రిక ఆగలేదు.
ఆలూరు, కోసిగి, పత్తికొండ బస్సుల నెత్తిన
కట్టలు కట్టలుగా ఎక్కింది.
కోసిగి కట్ట ఆమే మోసేది,
లెక్క తప్పితే కండక్టరుతో కొట్లాడేది.

చందాల చిల్లరతో మద్రాసు నుంచి
రెండు కిలోల ‘స’లు తెప్పించినాడు ఖాజామియా.
కొలత తప్పింది. పాత అక్షరాల కంటే
వెంట్రుక వాసి ఎత్తు.
ఆయన తిట్టిన తిట్లు అచ్చుకు రావు.

నా దగ్గరున్న పాత కట్టలో ఇప్పటికీ
కాగితం తిప్పి, కండ్లు మూసుకోని తడిమితే
మిగతా అక్షరాలు తెలీవు,
‘స’ ఒక్కటే
వేలికి తగుల్తుంది.