ఒక వరుస తక్కువ

జుబైల్‌లో గురువారం రాత్రి.
కిటికీ అవతల రిఫైనరీ మంట
ఆకాశాన్ని ఒక పక్కనే కాలుస్తోంది.
అకౌంట్స్ గదిలో ఏసీ నీళ్లు బకెట్లోకి,
టప్, టప్.
జీతాల చీటీలు పంపే స్క్రిప్టు రాస్తున్నాను.

ఇన్నాళ్లూ కాగితాలే.
క్యాంపు గేటు దగ్గర కుర్చీ వేసుకుని
నంబరు పిలిచి పంచేవాణ్ణి.
పేరు పిలిస్తే కొందరు పలికేవారు కాదు,
నంబరుకి అలవాటు పడిపోయి.
ఇకమీదట ఈమెయిలే అన్నాడు ముదీర్.
కాగితం ఖర్చు కలిసొస్తుందట.

ఫైలు ఫైలులా పోదు.
ముందు దాన్ని అక్షరాలుగా తురమాలి,
ఏ భాషవీ కాని అక్షరాలు,
వరుసకి డెబ్భై ఆరు.
తురిమితే బరువు మూడోవంతు పెరుగుతుంది
నానేసిన బియ్యంలా.
పైనొక సరిహద్దు గీత, కిందొక సరిహద్దు గీత,
మధ్యలో వాంగ్మూలం:
ఇది పీడీఎఫ్, దీని పేరిది, ఇందులో వేరే ఏమీ లేదు.
దమ్మాం ఎయిర్‌పోర్టులో
అవిసెల పొడి డబ్బా మూత తీసి
ఇది తిండే, తిండే అని
నాకు రాని అరబీలో చెప్పింది గుర్తొచ్చింది.

మొదట నాకే పంపుకున్నాను.
వచ్చింది. తెరుచుకుంది.
నా పేరు, నా కోతలు, నా మిగులు.
ఒకరికి పోయింది
మూడు వందల పన్నెండు మందికి పోదా అనుకున్నాను.

కవరు ఒక్కటే, లూపు బయట పుట్టించాను.
లోపల ఒక్కో మనిషికీ చిరునామా మార్చి
అతని చీటీ జతచేసి, పంపి,
మళ్లీ అదే కవరు.
పాత చీటీ తీసెయ్యమని చెప్పే వరుస ఒకటుంది.
చిన్న వరుస.
రాయలేదు.

జాబితాలో మొదటివాడు మేకల పోశన్న,
పరంజా మేస్త్రీ, పదిహేనేళ్ల సర్వీసు.
అతనికి ఒక చీటీ పోయింది.
రెండోవాడికి రెండు.
నూరోవాడికి నూరు.
కవరు ఉబ్బుతూ ఉబ్బుతూ
రెండు వందల యాభై ఆరో మనిషి దాకా నడిచి
సర్వరు గుమ్మంలో పట్టలేదు.
మిగిలిన యాభై ఆరుగురికీ ఏమీ రాలేదు.
నేను అప్పటికే నిద్రపోయాను.

శుక్రవారం పొద్దున క్యాంపులో
స్నానాల లైను కదల్లేదు.
బకెట్లు పట్టుకుని ఫోన్లలోకి వంగారు అందరూ.
ఒకే పలక మీద నిలబడి
ఒకే పైపుని బిగించే ముగ్గురు,
మూడు జీతాలు.
తిలక్ బహదూర్ తన పాస్‌పోర్టు తీసి
దాని రంగునే చూస్తున్నాడు చాలాసేపు.
క్రేను నడిపే రొడెల్ తన ఫోను బోర్లించేశాడు.
అతనిదే ఎక్కువ. అతను మాత్రం ఏం చేస్తాడు.

నా నంబరు ఎనభై ఎనిమిది.
మెస్సులోకి వెళ్లాలంటే కాళ్లు రాలేదు.
తిడతారనుకున్నాను, కొట్టినా కొడతారనుకున్నాను.
వంట మస్తాన్ వలీ గరిటె పైకెత్తి
"కంప్యూటరు సారూ,
నాకంటే నూట ఇరవై రియాళ్లు తక్కువా నీకు?"
అని ఇంకో గుడ్డు వేశాడు పళ్లెంలో.
ఎవరో నవ్వారు. తర్వాత నేనూ.
అది తినడానికి మటుకు చాలా సేపు పట్టింది.

శనివారం ముదీర్ కేకలేశాడు.
ఆ వరుస రాశాను.
ఒక్క నిమిషం పని.
వచ్చే నెల నుంచి ఎవరి చీటీ వాళ్లకే,
కవరు ప్రతిసారీ ఖాళీ అవుతుంది,
నేను పరీక్షించాను, ఈసారి ఇద్దరితో.

సాయంత్రం పోశన్న వచ్చాడు,
చెప్పులు గుమ్మం బయటే విడిచి,
అద్దం పగిలిన ఫోను రెండు చేతులా పట్టుకుని.
"తమ్మీ, అందరికీ మస్తుగ వచ్చినయట గదా.
నాకొక్కటే వచ్చింది.
తక్కినయి ఎప్పుడు పంపుతవు?"