సీజన్ టికెట్టు

మెడలో వేసిన కార్డు మీద
నా పేరు కంటే పెద్ద అక్షరాల్లో ఉంది
టెంపరరీ అని.
ఇరవై నాలుగు రోజులు.
రోజుకు నాలుగొందల యాభై, రెండు పూటలా తిండి,
పగిలిన గ్లాసు ఖరీదు మన ఖాతాలో.

డిప్లొమా చేతికొచ్చి ఎనిమిది నెలలు.
కొరుక్కుపేటలో మా వీధి
నేనెప్పుడు లేస్తానో చూడటం కూడా మానేసింది.
ఓబులేసు చెప్పాడు: మార్గళి వస్తోందిరా,
మైలాపూరు సభల్లో పాట, పాట వెనక కాఫీ,
కాఫీ మోయడానికి మనుషులు కావాలి.

మొదటి రైలెక్కి, పార్కు దగ్గర మారి వెళ్లాలి.
నెలకు సీజన్ టికెట్టు తీశాను.
ఇరవై నాలుగు రోజుల నెల
రైల్వే వాళ్ల దగ్గర లేదు మరి.

తాటాకు పందిరి, రేకుల గోడ,
పొయ్యి దగ్గర కుంజితపాదం మాస్టరు.
మొదటిరోజు ఆయన నేర్పింది ఒక్కటే:
"లోపల మృదంగం ఒంటరిగా మోగిందంటే
ఇక్కడికి మూడొందల మంది వస్తారు. చెవులు తెరిచి ఉంచు."
తని మొదలైతే మాకు పని మొదలు.

వారం తిరిగేసరికి
ఒక చేత్తో ఐదు డబరాలు,
"కొంచెం ఆగండి" అనే మాట అరవంలో ఏడు రకాలు,
చక్కెర వద్దంటూనే హల్వా రెండోసారి అడిగేదెవరో,
చిల్లర లేదంటూ జేబు తడుముకునేదెవరో.
పెనం దగ్గర నిలబెడితే రెండు దోసెలు మాడ్చాను.
గ్లాసులు మూడు.
ఒక మధ్యాహ్నం ఏడుపొచ్చింది,
ఉల్లిపాయలు తరిగే పని అడిగి తీసుకున్నాను.

పాటలు చాలావరకు మా భాషవే!
ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు.
పట్టు చీరలూ జరీ అంచులూ తలలూపుతున్నది
మా మునెమ్మవ్వ మాటలకు.
అవ్వ ఒక్కసారి కూడా ఇటు రాలేదు.

పద్దెనిమిదో రోజు ఒక తెల్లజుట్టు ఆవిడ
చిన్న పుస్తకం, పెన్ను పట్టుకుని
తిన్నగా నా దగ్గరికే వచ్చింది.
"నువ్వు తెలుగేనటగా? వేసట అంటే ఏమిటి బాబూ?
నలభై ఏళ్లుగా వింటున్నాను. అలసటే కదా?"

చేతిలో ఐదు డబరాలు. వెనక లైను.
నిఘంటువు మొహం నేనెన్నడూ చూడలేదు.
మిల్లు మూసేసిన ఏడు
గడప మీద కూర్చుని ఊరికే
చేతులు చూసుకుంటూ అవ్వ అనే మాట అది.
"కాదమ్మా," అన్నాను.
"అలసట పని చేస్తే వస్తుంది.
వేసట పని లేకపోతే వస్తుంది."

రాసుకుంది. నిజంగానే రాసుకుంది,
తారీఖు వేసి, నా పేరడిగి మరీ.
చెంగల్రాయుడు, కాఫీ.
తప్పో ఒప్పో పండితులు చూసుకుంటారు.
ఎనిమిది నెలలు చదువుకున్న మాట అది,
అడిగినవాళ్లు అంతదాకా లేరు.

ఆ రాత్రి రైల్లో పిక్కలు పీకాయి.
పీకనీలే, అనుకున్నాను, ఇది అలసట.

కొత్త సంవత్సరం మొదటి రాత్రి పందిరి విప్పారు.
మూడు గ్లాసులు పోను మిగిలింది లెక్కపెట్టి ఇస్తూ
మాస్టరు అన్నాడు:
"తై నెలలో పెళ్లిళ్లున్నాయి, ఫోన్ చేస్తాను.
నువ్వు రాకపోతే ఇంకా సంతోషం,
ఎక్కడో కుదురుకున్నావనుకుంటాను."
కార్డు వెనక్కి ఇచ్చేశాను.
తాడు ఒరుసుకున్న గీత మాత్రం
మెడ మీదే ఉంది.

తెల్లారి నాలుగున్నరకి
కళ్లు వాటంతటవే తెరుచుకున్నాయి.
చొక్కా వేసుకుంటుంటే అవ్వ లేచింది.
"పని అయిపోయిందిగా, ఎక్కడికిరా?"
సీజన్ అయిపోయింది గానీ
సీజన్ టికెట్టుకి ఇంకా ఆరు రోజులుంది.
"దారిలో ఏడెనిమిది స్టేషన్లున్నాయవ్వా.
ఇన్నాళ్లూ నేను దిగింది
ఒక్కదాంట్లోనే."