ఊపిరికి ముందు

మా నాన్న సంచిలో ఒక తలుపు ఉండేది.
తలుపంటే తలుపు కాదు,
రెండు మడతబందులు, ఒక చెక్కముక్క, గుప్పెడు తుప్పు.
సాలిగ్రామం నుంచి వడపళని దాకా
సైకిలు హేండిలుకి వేలాడుతూ
ఏ బంగళాకీ చెందకుండానే కిర్రుమనేది.

ఎనభై మూడు. దెయ్యాల సినిమాల ఏడు.
ప్రతి నిర్మాతకీ ఒక తెల్లచీర, ఒక పాడుబడ్డ ఎస్టేటు,
అద్దంలో కనిపించి గదిలో కనిపించని ఒక మనిషి కావాలి.
వాటికి చప్పుళ్లు మా ఇంట్లో తయారయ్యేవి.
మెడ విరగడమంటే మునక్కాడ,
సాయంత్రం అదే పులుసులోకి.
కత్తి దిగడమంటే తడిగుడ్డ చుట్టిన బొప్పాయి.
ఖాళీ రుబ్బురోట్లో అమ్మ పొత్రం తిప్పితే
ఎక్కడో ఒక సమాధిరాయి జరిగేది.

అందుకే హాల్లో నాకు భయం వేసేది కాదు.
పక్కసీటు కుర్రాడు కళ్లు మూసుకుంటే
నాకు ఆకలేసేది.

కేక మాత్రం నాన్న చెయ్యలేడు.
దానికి మేడమీది వాటాలో వేదవల్లి గారు. నెల్లూరు మనిషి.
పొట్టి కేకకి పాతిక, పొడుగు కేకకి నలభై,
గొంతు నులిమితే మధ్యలో ఆగిపోయేదానికి బేరం.
అయిదుగురు హీరోయిన్లు ఆవిడ గొంతుతోనే చచ్చిపోయారు.
పాలవాడు వెళ్లాక సాధన.
కొత్తగా అద్దెకొచ్చినవాళ్లు కంగారుగా మెట్లెక్కబోతే
ఇస్త్రీబండి ముత్తయ్య తలెత్తకుండానే
"రిహార్సల్ పా" అని వెనక్కి పంపేవాడు.

నాన్న ఒకసారి నాకు చెప్పాడు:
"విను, కేకకి ముందు ఊపిరి పీల్చుకుంటుంది.
టేపులో అది కత్తిరించడమే నా పని.
నిజంగా భయపడ్డవాళ్లకి
ఊపిరి పీల్చుకునే తీరిక ఉండదురా."

నవంబరు వాన. కరెంటు పోయింది.
నాన్న వరండాలో గొడుగు కింద మైకు పెట్టి
రేకుల మీద పడే వానని పట్టుకుంటున్నాడు.
బ్యాటరీ టేపురికార్డరు, దాని ఎర్ర చుక్క.
దగ్గొద్దన్నాడు మమ్మల్ని.
అప్పుడు, మేడమీద నుంచి.
పొడుగ్గా లేదు. అందంగా లేదు.
సగంలో విరిగి ఒక పక్కకి పడిపోయింది.
ముందు ఊపిరి లేదు.

నాకు పదకొండేళ్లు. నాన్న వైపు చూశాను.
చీకట్లో కింద పడ్డ నాణెం
పావలానో అర్ధరూపాయో చెప్పగలిగే చెవి ఆయనది.
ఆయన వేలు మీట మీదే ఉంది.
నొక్కలేదు.
"రిహార్సల్ పా" అంది వానలోంచి ముత్తయ్య గొంతు.
అమ్మ లాంతరు వత్తి తగ్గించింది,
ఎందుకో.

మర్నాడు వేదవల్లి గారి మణికట్టుకి గుడ్డ.
బాత్రూంలో జారానంది, ఎవరూ అడక్కుండానే.
ఆవిడ భర్త దామోదరం నాన్నకి నమస్కారం పెట్టాడు.
నాన్న తిరిగి పెట్టాడు.

ఫిబ్రవరిలో సినిమా వచ్చింది. అందరం వెళ్లాం, ఆవిడ కూడా.
ఏడో రీలు. అద్దం. వాన.
హీరోయిన్ నోరు తెరిచింది.
ఆ నోట్లోంచి మా మేడమెట్లు దిగి వచ్చింది ఆ రాత్రి.
హాలు గడ్డకట్టింది, ఎవరి పాపో ఏడ్చింది,
నేలక్లాసులోంచి ఆలస్యంగా చప్పట్లు.
మొట్టమొదటిసారి నాకు ఆకలెయ్యలేదు.
వేదవల్లి గారు తెరని చూడ్డం లేదు. నాన్నని చూస్తోంది.
నాన్న కాళ్లతో
చెప్పులు వెతుక్కుంటున్నాడు.

ఇంటర్వెల్లో ఆవిడే మాకు మురుకులు కొనిపెట్టింది.
"ఆ కేకకి డబ్బులివ్వలేదు మీరు" అంది.
నాన్న జేబు తడుముకుని నలభై తీశాడు.
ఆవిడ లెక్కపెట్టి, పదిహేను వెనక్కిచ్చింది.
"పొట్టిదే కదండీ."

ఆ సినిమా ఇప్పటికీ ఏదో చానెల్లో అర్ధరాత్రి దాటాక వస్తుంది.
మా అమ్మాయి దెయ్యం మేకప్ చూసి పడీపడీ నవ్వుతుంది.
ఏడో రీలు దగ్గర నేను మంచినీళ్లకి లేస్తాను.

నాన్న పోయిన నెలకి సంచి విప్పాను.
మడతబందులకి నూనె పట్టించి ఉంది, బాగా, లోపలిదాకా.
ఎప్పుడు పెట్టాడో.
ఎటు తిప్పినా
ఆ తలుపు చప్పుడు చెయ్యడం లేదు.